ఒక్క పాయింటు భయం

వీపు మీద బెల్టులోని మోటారు గిల్లగానే నూకరత్నం పరుగు తీసింది.

చేతిలో బంతి పట్టుకుని గోల్ ముందు నిలబడ్డ మనిషి ఉన్నట్టుండి బంతి అక్కడే పడేసి, ఇరవై గజాలు దౌడు తీసి, ఎవరూ లేనిచోట ఆగి, వెనక్కి తిరిగి చూసింది. మైదానంలో ఉన్న అమ్మాయిలందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

డాక్టర్ కుముదిని కంగారుగా ల్యాప్‌టాప్ వదిలేసి లేచింది. "షాక్ కొట్టిందా?"

"షాకేటి కాదండి," అంది రత్నం రొప్పుతూ. "పన్నెండేళ్లు ఖోఖో ఆడాను. వీపు తడితే లెగిసి పరిగెత్తాలి. తట్టింది ఎవులో సూసుకోడం అందులో ఉండదు."

డాక్టర్ తన నోట్‌బుక్‌లో "ఆరో మోటారు తీసెయ్యాలి" అని రాసుకుంది. పన్నెండు మోటార్ల బెల్టు పదకొండు మోటార్ల బెల్టయింది. ఒంటికి ఒకసారి అలవాటైన పని బుర్ర వద్దన్నా ఆగదని ఆమె ఆ రోజు కళ్లారా చూసింది. చూసి, మోటారు తీసేసి, ఆ సంగతి మరిచిపోయింది.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఇది రెండు వేల నలభైల నాటి విశాఖపట్నం. సముద్రపు గోడ పూర్తయి, దాని మీద ట్రామ్ నడుస్తోంది. క్రికెట్ మైదానాలు ఏడాదిలో సగం రోజులు ఖాళీగా ఉంటున్నాయి. ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌కి కావలసింది సరిగ్గా అలాంటి గుండ్రటి పెద్ద జాగాయే గనక, తీరనగరాల మహిళల లీగ్ అక్కడ తేలిగ్గానే పాతుకుంది. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. ఊళ్లో ఆ ఆటని గుడ్డుబంతి అంటారు.

పక్కకి పద్దెనిమిది మంది. మైదానం రెండు కొసల్లోనూ నాలుగేసి కర్రలు, మధ్యలో రెండు పొడుగువి, వాటికి అటూ ఇటూ ఒక్కొక్క పొట్టిది. పొడుగు కర్రల మధ్య నుంచి తంతే గోల్, ఆరు పాయింట్లు. గురి కాస్త తప్పి పొడుగు కర్రకీ పొట్టి కర్రకీ మధ్య నుంచి పోతే బిహైండ్, ఒకే ఒక్క పాయింటు. బిహైండ్ పడగానే బంతిని ఎదుటి జట్టుకి ఇచ్చేస్తారు. వాళ్లలో ఒకరు గోల్ ముందు సున్నంతో గీసిన పెట్టెలో నిలబడి బంతిని మైదానంలోకి తన్నాలి. అదే కిక్-అవుట్.

వినడానికి తేలిగ్గానే ఉంటుంది. కానీ ఆమె తన్నేలోపు ఎదుటి పద్దెనిమిది మందీ మైదానం అడ్డంగా వరసలు కట్టేస్తారు. జాలరిపేటలో పుట్టిన రత్నం ఆ వరసల్ని వల అనేది. వల పడ్డాక కిక్-అవుట్‌కి పాత దారులు రెండే. పక్క మూలలో ఉన్న మనిషికి చిన్న కిక్ ఇస్తే బంతి దక్కుతుంది గానీ అక్కణ్ణించి కదలదు. హద్దు గీత వెంట పొడవైన మనిషి మీదికి బలంగా తంతే, దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. మూడో దారి నడిమధ్య నుంచి. సందు దొరికితే అవతలి గోల్ దాకా మైదానం ఖాళీ. దొరక్కపోతే బంతి ఎదుటివాళ్ల చేతుల్లో పడుతుంది, మన గోల్ ముందు కాపలా ఉండదు. తెలివున్నవాళ్లు మూడో దారి జోలికి పోరు.

నూకరత్నానికి ముప్పై నాలుగేళ్లు. కుడి మోకాలికి రెండు ఆపరేషన్లు. పరుగు పోయింది, గురి మిగిలింది. అందుకని ఆ సున్నం పెట్టె తప్ప మైదానంలో ఆమెకి ఇంకో చోటు లేదు. కిందటేడు ఆ చోటు కూడా కదిలింది. ఆమె కిక్-అవుట్లు ఎదుటివాళ్లకి దొరికి పదకొండు గోల్స్ అయ్యాయి.

"ఈసారి కప్పు వస్తే మీరుంటారు రత్నంగారూ. రాకపోతే కొత్తమ్మాయిని చూసుకుంటాం," అన్నాడు మేనేజర్ నిశాంత్. "పర్సనల్‌గా తీసుకోకండి."

"పర్సనల్‌గా కాపోతే ఇంకెలా తీసుకోమంటారు బాబూ? మోకాలు నాదే కదా."

లీగ్ నియమం ప్రకారం ఒక సీజన్‌కి ప్రతి జట్టూ ఒక్క సహాయక యంత్రం పెట్టుకోవచ్చు. సీజన్ మధ్యలో మార్చుకోడానికి లేదు. ఆస్ట్రేలియా తీరంలోని డార్విన్ వాళ్లు మోకాళ్ల పట్టీలు ఎంచుకున్నారు. కొలంబో వాళ్లు బరువు లేని బూట్లు తెచ్చారు. విశాఖ జట్టు డాక్టర్ కుముదినిని పిలిచింది. ఆమెకి ఆటలతో సంబంధం లేదు. పదిహేనేళ్లుగా చేపల గుంపులు ఎటు తిరుగుతాయో ముందే లెక్కగట్టే పనిలో ఉంది.

"ఇంతకీ ఇది ఏటి సూస్తాది?" అని అడిగింది రత్నం, బెల్టు బిగించుకుంటూ. మైదానం చుట్టూ నాలుగు మడత స్తంభాలు, వాటి మీద నాలుగు కెమెరాలు.

"నడుములు," అంది డాక్టర్. "మొహాన్ని నమ్మడానికి లేదు. కళ్లు కుడికి చూస్తూ కాళ్లు ఎడమకి పరిగెత్తొచ్చు. కానీ మనిషి కుడికి కదలాలంటే ముందు ఎడమ కాలి మీద బరువు పడాలి. అది పడే ముందు నడుము ఒక వేలెడు దిగుతుంది. పద్దెనిమిది నడుములూ ఎటు దిగుతున్నాయో చూస్తే, మీ బంతి గాల్లో ఉండే రెండున్నర సెకన్లలో సందు ఎక్కడ తెరుచుకుంటుందో తెలుస్తుంది. ఆ వైపు మోటారు గిల్లుతుంది. కాసేపు గిల్లితే దగ్గర, ఎక్కువసేపు గిల్లితే దూరం. అంతే."

"అంటే ఇప్పుడు కాళీగా ఉన్న కాడికి కాదు, కాళీ అవబోయే కాడికి తన్నాలి."

"సరిగ్గా అదే."

"మా నాన్న అంతే. సేపలున్న కాడ వల ఇసిరేవోడు కాదు, ఎల్లే కాడ ఇసిరేవోడు."

"అప్పట్లో ఆయన దగ్గర మా కెమెరా ఉండుంటే..."

"ఉంటే సంద్రంలో పడేసేవోడండి. పడవలో బరువెందుకని."

మొదటి మ్యాచ్ కొలంబోతో. కొలంబో అమ్మాయి తన్నిన బంతి పొడుగు కర్ర పక్కగా పోయింది, బిహైండ్. వల పడింది. రత్నం పెట్టెలో నిలబడి, ఎవరూ లేని నడిమధ్యకి, తెలివున్నవాళ్లు తన్నని చోటికి తన్నింది. బంతి దిగే సమయానికి ఎదుటి ఇద్దరు చెరో వైపుకి జరిగిపోయారు, మధ్యలో మన అమ్మాయి ఒక్కతే ఉంది. మూడు కిక్కుల్లో అవతలి కొసన గోల్ పడింది. వాళ్లు ఒక పాయింటు సంపాదించి ఆరు పోగొట్టుకున్నారు. ఆ రోజు కొలంబో అయిదు బిహైండ్లు కొట్టింది. వాటిలో నాలుగింటిని రత్నం గోల్స్‌గా తిప్పింది.

దాంతో గ్యాలరీలో కొత్త అలవాటొకటి పుట్టుకొచ్చింది. ఎదుటివాళ్లకి బిహైండ్ పడితే చాలు, మన జనం లేచి నిలబడి తువ్వాళ్లు తిప్పుతూ "ఒక్కటే! ఒక్కటే!" అని అరిచేవాళ్లు. వేరే దేశం నుంచి చూడ్డానికి వచ్చినవాళ్లకి, పాయింటు పోయినందుకు వీళ్లెందుకు పండగ చేసుకుంటున్నారో అర్థమయ్యేది కాదు.

కోచ్ గొర్లె సింహాద్రి మాస్టారు కబడ్డీ నుంచి వచ్చిన మనిషి. ఏ పనైనా వంద సార్లు చేయించి గానీ వదలడు. రోజూ సాయంత్రం ప్రాక్టీసులో, గోల్స్ కొట్టాల్సిన మన ఫార్వర్డ్‌లే ఎదుటి జట్టు. వాళ్లు గోల్‌కి తన్నాలి. తప్పితే రత్నం బెల్టుతో కిక్-అవుట్ చేస్తుంది. అది అవతల గోల్ అయితే, తప్పినదానికి ఇరవై గుంజీళ్లు. దాదాపు ప్రతిసారీ గోల్ అయ్యేది. జట్టులో అందరికంటే బలంగా తన్నే బిడ్డిక ఎస్తేరు, సీతంపేట కొండల నుంచి వచ్చిన పిల్ల, మొదటి నెలలో మెట్లెక్కలేక రెయిలింగు పట్టుకుని నడిచింది.

"నీ బెల్టు మా పేణాలు తీస్తంది అక్కా," అనేది.

"గురి సూసుకుని తన్నండే మరి," అనేది రత్నం.

చూసుకుని తన్నడం మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి మన ఫార్వర్డ్‌లు దూరం నుంచి తన్నడం మానేశారు. కర్రలకి ఎదురుగా, దగ్గరగా, అడ్డు లేనప్పుడే తన్నేవాళ్లు. గుంజీళ్లు తగ్గాయి. మాస్టారు క్రమశిక్షణ వచ్చిందని సంతోషించాడు.

సీజన్ సగానికి వచ్చాక డాక్టర్ ఒక కాగితం పట్టుకుని రత్నం దగ్గరికి వచ్చింది.

"బెల్టు పాడైందేమోనని అనుమానంగా ఉంది. మొదట్లో మ్యాచ్‌కి అయిదారు సార్లు గిల్లేది. తర్వాత మూడు. పోయిన వారం రెండు. నిన్న ఒక్కసారి కూడా లేదు."

"బెల్టు బాగానే ఉందండి. ఆళ్లే తప్పడం మానేశారు."

నిజమే. బిహైండ్ కొడితే ఆరు పాయింట్లు పోతాయని తెలిశాక ఏ జట్టూ విశాఖ మీద దూరం నుంచి తన్నడం లేదు. తిప్పి తిప్పి, కర్రల ముందుకి తెచ్చి, అప్పుడు తంతున్నారు. తప్పనివ్వని యంత్రం ఒకటి ఎదురుగా నిలబడేసరికి లీగ్‌లో అందరి గురీ బాగుపడింది. విశాఖ కిందా మీదా పడి ఫైనల్ చేరింది. ఎదురుగా డార్విన్.

ఫైనల్ విశాఖలోనే జరిగింది. రెండు జట్లూ ఎనిమిదేసి గోల్స్ కొట్టాయి. బిహైండ్లు రెండు వైపులా సున్నా. నలభై ఎనిమిది, నలభై ఎనిమిది. ఇక ముప్పై సెకన్లుందనగా బంతి ఎస్తేరు చేతిలో పడింది. కర్రలు నలభై అయిదు మీటర్ల దూరంలో, కాస్త ఏటవాలుగా ఉన్నాయి. ఆమె కాలికి అది పెద్ద దూరం కాదు. గోల్ అక్కర్లేదు, ఆ నాలుగు కర్రల మధ్య ఎటు పోయినా కనీసం ఒక్క పాయింటు. ఒక్క పాయింటుతో కప్పు.

ఎస్తేరు కాలు ఎత్తింది, దించింది. అటు చూసింది, ఇటు చూసింది. ఇంకా దగ్గరగా ఎవరైనా ఉన్నారేమోనని వెతికింది. అవతలి కొసన తన పెట్టెలోంచి రత్నం "తన్నే! తన్నే!" అని గొంతు చించుకుంది. జనం హోరులో ఏదీ వినపడలేదు. సైరన్ మోగింది.

టై. ఆ లీగ్‌లో ఫైనల్ టై అయితే వచ్చే శనివారం మళ్లీ మొత్తం ఆడాలి.

డ్రెస్సింగ్ రూమ్‌లో రత్నం బెల్టు విప్పకుండానే వెళ్లి ఎస్తేరు ఎదురుగా కూర్చుంది. డాక్టరూ మాస్టారూ గుమ్మం దగ్గర ఆగారు.

"ఎందుకు తన్నలేదే?"

"తప్పిపోద్దేమోనని అక్కా."

"తప్పితే పాయింటొచ్చేది. పాయింటొస్తే గెలిచేవోళ్లం."

"తెలుసక్కా. కాలు రాలేదు. తప్పితే బంతి అటెళ్లి గోలైపోద్ది కదా. రోజూ అవుద్ది కదా."

"ఎవులు సేస్తారే ఆ గోలు?"

"నువ్వు."

రత్నం తన బెల్టు మీద చరిచింది.

"నాను మన జట్టు, గుంటా! డార్విన్ పెట్టెలో నిలబడ్డ పిల్ల నడుముకి ఏటుందే? నిక్కరు నాడా తప్ప ఏటుంది?"

గదిలో మిగతా ఫార్వర్డ్‌లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లీగ్ మొత్తంలో ఆ బెల్టు ఒక్కటే ఉంది, అది తమ దగ్గరే ఉంది. సీజనంతా దానికి అందరికంటే ఎక్కువ భయపడింది తామే.

మాస్టారు నెత్తి గోక్కున్నాడు. "అంటే, నా గుంజీళ్లేనేటి ఇంత పని సేసింది?"

"మీ గుంజీళ్లు, నా కాలు, ఈ డాక్టరమ్మ మోటార్లు. ముగ్గురం సేసినాం," అంది రత్నం.

డాక్టర్‌కి మొదటి రోజు ఖోఖో పరుగు గుర్తొచ్చింది. "ఒంటికి పట్టిన అలవాటు చెప్తే పోదు," అంది. "దాన్ని అలవాటుతోనే పోగొట్టాలి. ఆరు రోజులు చాలవేమో."

"ఉన్నవి ఆరే. సాలాలి," అంది రత్నం లేచి నిలబడుతూ.

మర్నాడు ఆదివారం, సెలవు. అందరూ మైదానానికి వచ్చారు. రత్నం బెల్టులోంచి బ్యాటరీ తీసి, అందరూ చూస్తుండగా డాక్టర్ చేతిలో పెట్టింది. డాక్టర్ దాన్ని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"ఇయ్యాలంతా ఒక్కరు కూడా గోలు కొట్టకూడదు," అంది రత్నం. "దూరం నుంచి తన్నాలి, తప్పాలి. గోలు కొట్టినదానికి ఇరవై గుంజీళ్లు. మాస్టారూ, లెక్క మీది."

నవ్వారు గానీ, మొదటి గంట తప్పడం ఎవరి వల్లా కాలేదు. ఎస్తేరు యాభై మీటర్ల నుంచి తన్ని, నేరుగా పొడుగు కర్రల మధ్య దింపి, "అయ్యో, సారీ అక్కా," అంది. ఇంకో పిల్ల బంతిని పొట్టి కర్రకి కూడా అవతల పారేసింది.

"అది బిహైండ్ కాదే, బయటికి పోయింది. దానికి సున్నా. తప్పడానికీ ఒక గురుంటాది. తన్ను మళ్లీ."

సోమవారం నుంచి రెండో పాఠం. తప్పిన తర్వాత ఏం చెయ్యాలి? డార్విన్ కిక్-అవుట్‌కి వల వెయ్యాలి. ఇది మాస్టారు చెప్పాల్సిన పాఠం. కానీ రత్నం ఆయన్ని పక్కన కూర్చోబెట్టింది.

"తొమ్మిదేళ్లు ఆ పెట్టెలో నిలబడ్డానండి. ఎలాంటి వల సూస్తే గుండె జారుద్దో నాకు తెలుసు. పిల్లలూ, ముందు పక్క మూల మూసెయ్యండే. నడిమధ్యలో ఒక సందు వదలండి, పెద్దది."

"సందు వదలడమేటక్కా?"

"వదిలితే పెట్టెలో పిల్లకి భయం. బెల్టు లేనిది ఆ సందులోకి తన్నదు. మూల మూసుంటాది. ఇంకేటి మిగిలింది? హద్దు గీత. అక్కడ నలుగురు ఉండండి. బంతి మీ సేతుల్లోకే వస్తాది. మళ్లీ తన్నండి. మళ్లీ తప్పినా పర్లేదు, మళ్లీ వస్తాది."

మంగళవారానికి ఎస్తేరు కాలు ఎత్తితే దించడం మానేసింది. గురువారం రత్నం మోకాలు వాచింది. ఐసు కట్టుకుని, గోల్ వెనక కుర్చీ వేసుకుని, అక్కణ్ణించే తిట్టింది.

శనివారం మ్యాచ్ ముందు డాక్టర్ గేటు దగ్గర హ్యాండ్‌బ్యాగు తెరిచింది. "బ్యాటరీ పెట్టనా? ఫుల్ ఛార్జ్‌లో ఉంది."

రత్నం బెల్టు బిగించుకుంది. "వద్దండి. మన పిల్లలు నా వంక సూసినప్పుడల్లా ఇది పని సెయ్యట్లేదని తెలియాలి."

"మరి డార్విన్ వాళ్లు బిహైండ్ కొడితే?"

"కొడితే నా కళ్లున్నాయి. ఆళ్లు కొట్టరు."

మ్యాచ్ మొదలైంది. విశాఖ దూరం నుంచి తన్నింది, తప్పింది. వల వేసింది. హద్దు గీత దగ్గర బంతి పట్టుకుంది. మళ్లీ తన్నింది, మళ్లీ తప్పింది. గ్యాలరీలో జనానికి ఏం చెయ్యాలో తోచలేదు. మనవాళ్లకి బిహైండ్ పడితే తువ్వాలు తిప్పాలా వద్దా అన్నది వాళ్లకి అలవాటు లేని సంగతి. డార్విన్ మాత్రం ఎప్పటిలాగే, తిప్పి తిప్పి, కర్రల ముందుకి తెచ్చి, గోల్స్ కొట్టింది. ఆఖరిదైన నాలుగో క్వార్టర్ ముగియబోతుండగా డార్విన్‌కి పది గోల్స్, బిహైండ్లు సున్నా, అరవై పాయింట్లు. విశాఖకి ఏడు గోల్స్, పద్దెనిమిది బిహైండ్లు. అదీ అరవయ్యే.

రెండు నిమిషాలుంది. బంతి డార్విన్ కెప్టెన్ చేతిలో ఉంది. కర్రలు యాభై మీటర్లు, దగ్గర్లో అడ్డొచ్చేవాళ్లు ఎవరూ లేరు. తంతే ఆరో, కనీసం ఒకటో. ఆమె కాలు ఎత్తింది. కర్రల ముందు పెట్టెలో రత్నం నిలబడి ఉంది, రెండు చేతులూ నడుము మీద, ఆ నల్లటి బెల్టు మీద పెట్టుకుని. కెప్టెన్ కాలు దించింది. పక్కనున్న పిల్లకి అందించబోయింది. మధ్యలో మన అమ్మాయి దూరి బంతి లాక్కుంది.

అక్కణ్ణించి అయిదు కిక్కులు. బంతి ఎస్తేరు చేతిలో పడేసరికి ఇరవై సెకన్లుంది. నలభై అయిదు మీటర్లు, ఏటవాలు, పోయిన శనివారం నిలబడ్డ చోటికి నాలుగడుగుల ఇవతల. ఆమె అటూ ఇటూ చూడలేదు. తన్నింది. బంతి పొడుగు కర్రని రాసుకుంటూ పక్కనుంచి పోయింది.

అరవై ఒకటి. డార్విన్ కిక్-అవుట్. పెట్టెలో పిల్ల నడిమధ్య సందు చూసింది, భయపడింది, హద్దు గీత మీదికి తన్నింది. అక్కడ మనవాళ్లు నలుగురున్నారు. సైరన్ మోగింది. గ్యాలరీలో ఎవరో "ఒక్కటే!" అని అరిచారు. అప్పుడు లేచాయి తువ్వాళ్లు.

కప్పుతో ఫొటోలన్నీ అయ్యాక నిశాంత్ ట్యాబ్ చూసుకుంటూ వచ్చాడు. ట్రామ్ స్టాప్ దగ్గర రత్నం మోకాలికి ఐసు కట్టుకుని బెంచీ మీద కూర్చుంది. పక్కన డాక్టర్.

"రత్నంగారూ, ఈ రోజు మీ కిక్-అవుట్లు సున్నా."

"అవును బాబూ."

"మొత్తం ఆటలో బంతి ముట్టుకోలేదు మీరు."

"ముట్టుకోలేదు."

"అదే చెప్తున్నా! వాళ్లని ఒక్క బిహైండ్ కూడా కొట్టనివ్వలేదు ఆ బెల్టు. ఇంత బాగా ఎప్పుడూ పనిచెయ్యలేదు. వచ్చే ఏడు బెల్టూ మీరూ ఇద్దరూ ఉండాల్సిందే. కాగితాలు సోమవారం పంపిస్తాను."

ట్రామ్ వచ్చింది. డాక్టర్ కార్డు కోసం హ్యాండ్‌బ్యాగు తెరిచింది. కార్డుకి ముందు బ్యాటరీ చేతికి తగిలింది. రత్నం దాన్ని చూసింది, డాక్టర్ మొహం చూసింది. డాక్టర్ బ్యాగు జిప్పు మెల్లిగా మూసింది.

"అన్నట్టు డాక్టర్‌గారూ, ఒకసారి ఛార్జ్ చేస్తే ఎంతసేపు వస్తుందండీ అది?" అని అడిగాడు నిశాంత్.

"మొదట్లో నాలుగు గంటలొచ్చేది," అంది డాక్టర్, ట్రామ్ మెట్టెక్కుతూ. "ఇప్పుడు సీజనంతా వస్తుంది."